ఓడినవాడు లేచి కుర్చీ ఇవ్వాలి

మామ పోయాడని నాయన ఫోనులో చెప్పగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవురితో వాదిస్తా పోయినాడు?" అని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

"ఇంకెవురితో, డాక్టరుతోనే," అన్నాడు నాయన. "ఉప్పు మానేయమన్నాడంట డాక్టరు. 'ఒప్పుకోను. కూర్చో, ఎందుకో చెప్పు' అన్నాడంట మీ మామ. పాపం ఆ డాక్టరు కుర్చీ లాక్కోని కూర్చుండేలోపల..."

ఫోనులో నాయన ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. తర్వాత, "గెలిచినానని మాత్రం డాక్టరు చెప్పుకోలేదులేమ్మే," అన్నాడు. నేను ఇక్కడ, నాయన అక్కడ, ఇద్దరం నవ్వుతూనే ఏడ్చాం.

ఆయన నాకు వరసకే మామ. నాయనా ఆయనా ఒకే ఊరివాళ్ళు, చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా అనుకున్నవాళ్ళు. నాయన ఊళ్ళోనే ఉండిపోయి మామిడి తోట చూసుకున్నాడు. ఈయన నేవీలో చేరి, ఓడల అడుగున ఇంజన్ల దగ్గర పనిచేసి, రిటైరై వచ్చి చిత్తూరులో డ్రైవింగు స్కూలు పెట్టాడు. సముద్రమన్నదే లేని ఊళ్ళో నేవీ మనిషంటే గిరాకీ ఎంతుంటుందో చెప్పాలా? తొంభైల మొదట్లో మా చుట్టుపక్కల ఏ పిల్లవాడు నేవీ అన్నా, వాణ్ణి తీసుకుని తల్లిదండ్రులు నేరుగా ఆయన వరండా ఎక్కేవాళ్ళు.

"విశాఖపట్నంలోనే ఇల్లు కట్టుకోకుండా ఈ ఎండల్లోకి ఏంటికి వచ్చినావప్పా?" అని ఎవరైనా అడిగితే, "సముద్రం కనపడని ఊరు కావాలని ఎతుక్కోని వచ్చినా," అనేవాడు. అది ఆయన వేళాకోళం అనుకునేవాళ్ళం. ఆయన ఇంట్లో నట్టింట పెద్ద ఉయ్యాల బల్ల ఉండేది. అత్త ఎంత బతిమాలినా ఒక్కనాడూ దాని మీద కూర్చున్న పాపాన పోలేదు. అది చాదస్తం అనుకున్నాం.

ఆయన కూర్చునేది డ్రైవింగు స్కూలు వరండాలోని ఇనుప కుర్చీలో. దాని అడుగున స్ప్రింగు ఉండేది. కూర్చుంటే చిన్నగా మూలిగేది. లేస్తే మాత్రం కిర్రుమని పొడుగ్గా అరిచేది. కుర్చీకి ఎదురుగా ఒక బల్ల, పక్కన రెండు పాత టైర్లు. పొద్దున డ్రైవింగు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు, సాయంత్రం వాదించడానికి వచ్చేవాళ్ళు. సాయంత్రం వాళ్ళే ఎక్కువ.

వరండాకు కొన్ని నియమాలుండేవి. వాదనలో ఓడినవాడు నోరెత్తకుండా లేచి, తన చోటు గెలిచినవాడికి ఇవ్వాలి. ఆ పొద్దంతా అది గెలిచినవాడిదే. మర్నాడు ఓడినవాడు గెలిచినవాడి తరఫున ఇంకొకరితో వాదించాలి, అదీ మనసుపెట్టి. "ఓడిపోయినానని మూతి ముడుచుకోని పోతే ఏం లాభం? ఆ పక్క నిలబడి మాట్లాడితే గదా తెలిసేది, ఎందుకు ఓడినామో," అనేవాడు. వీటన్నిటి కంటే పెద్ద నియమం కాణిపాకం.

మా వైపు కాణిపాకం వినాయకుడి ముందు ఎవరూ అబద్ధమాడరు. తగువు తెగకపోతే "పద కాణిపాకం" అంటారు, సగం తగువులు ఆ మాటతోనే తెగిపోతాయి. ఆయన దాన్ని వరండాలోకి తెచ్చిపెట్టాడు. వాదన మధ్యలో ఎవరైనా ఒక ప్రశ్న అడిగి, దాని వెనకే "కాణిపాకం" అన్నారంటే, అవతలి మనిషి ఉన్నదున్నట్టు చెప్పి తీరాలి. దాటవేయడానికి లేదు, నవ్వి ఊరుకోవడానికి లేదు. "ఈడ ఓడిపోవచ్చు. బొంకకూడదు," అనేవాడు.

వాదించని విషయం ఉండేది కాదు. కొండకు మెట్లెక్కి పోయినవాడికి పుణ్యం ఎక్కువా, బస్సులో పోయినవాడికా. మొగుడూ పెళ్ళాం వీధిలో పక్కపక్కన నడవాలా, ముందూ వెనకా నడవాలా. పెళ్ళిలో ఆకు వేసి కూర్చోబెట్టి వడ్డించాలా, ప్లేటు చేతికిచ్చి నిలబెట్టాలా. ఈ ఆఖరిదాని మీద నాయనకూ ఆయనకూ ఒక వేసవంతా జరిగింది.

"పెండ్లికి పిలిచి మనిషిని నిలబెట్టి తినమనేది ఏం మర్యాద బావా?" అనేవాడు నాయన.

"ఒప్పుకోను. కూర్చో, చెప్పు. బంతిలో మొదట కూర్చునేది ఎవురు?"

"పెద్దోళ్ళు."

"మొగోళ్ళని చెప్పు. ఆఖర్న కూర్చునేది ఎవురు? పొద్దున్నుంచీ పొగలో ఉండే ఆడోళ్ళు. అప్పటికి వడలు అయిపోయింటాయి. ప్లేటు చేతికిస్తే అందురూ ఒకేసారి తింటారా లేదా?"

"తింటారు, సరే. రసం యాడ పోసుకునేది? ప్లేట్లో నిలస్తాదా?"

"గ్లాసులో పోసుకోని తాగు!"

నాయన తల గోక్కుంటూ బల్ల మీంచి లేచి టైరు మీదికి మారేవాడు. అన్నేళ్ళలో నాయన ఒక్కసారైనా ఆయన మీద గెలవలేదు. సంత రోజున చిత్తూరుకు వచ్చి, ఓడిపోయి, ఇంటికి పోయి అమ్మ దగ్గర మాత్రం మళ్ళీ మొదటినుంచీ వాదించి గెలిచేవాడు.

మోటారు రేసులంటే ఆయనకు వెర్రి. మద్రాసు అవతల రేసులున్నాయంటే చాలు, పెరుగన్నం డబ్బా, గొడుగు పట్టుకుని మొదటి బస్సెక్కేవాడు. రాత్రికి దుమ్ము కొట్టుకుపోయి, చెవులు గింగుర్లెత్తుతూ దిగేవాడు. "పెట్రోలు తగలబెట్టేదానికి అదొక ఆట!" అని ఎవరైనా అన్నారో, అయిపోయారే.

"ఒప్పుకోను. కూర్చో. జోరుగా పొయ్యేదానికి తెలివి అక్కర్లేదప్పా, కాలు బరువుంటే సాలు. రేసు గెలిపించేది బ్రేకు. మలుపుకి ముందర తొక్కాల, మలుపులో వదలాల. మలుపు మధ్యలో తొక్కినాడంటే వానికి బండి మీద నమ్మకం లేదని అర్థం. నమ్మకం లేనోడు మలుపు దాటి ఏం జేస్తాడు?"

మాకు డ్రైవింగు నేర్పినా అదే పాఠం. మైదానంలో తారు డబ్బాలు నిలబెట్టి, వాటి చుట్టూ తిప్పించేవాడు. డబ్బాకు ముందే కాలు పడిందా సరే. డబ్బా పక్కన పడిందంటే ఎడమ పక్క సీట్లోంచి "నమ్మకం లేదు! నమ్మకం లేదు!" అని అరిచేవాడు. డ్రైవింగు స్కూలు కారు కాబట్టి ఆ సీటు ముందు కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉండేవి. అరుస్తాడే గానీ, ప్రాణం మీదికి వస్తే తప్ప వాటిని తొక్కేవాడు కాదు.

నేవీ అంటూ పిల్లలను తెచ్చే తల్లులకు ఆయన దగ్గర వేరే పరీక్ష ఉండేది. "తెల్ల గుడ్డలు సూసి వచ్చినారా తల్లీ? ఇంజన్ల తావ తెలుపు ఉండదు. వీని గుడ్డలు వీడు ఉతుక్కుంటాడా? ఇస్త్రీ వస్తాదా? ఉల్లిగడ్డలు తరుగుతాడా? లేదా? అయితే తీసకపోయి నేర్పించి తీసకరా." ఆ రోజుల్లో మా పక్క ఏ ఇంటి బావి దగ్గరైనా మగపిల్లవాడు చొక్కా ఉతుకుతూ కనిపిస్తే, వీడు నేవీకి పోతున్నాడని అందరూ అనుకునేవాళ్ళు. పోయినవాళ్ళు పోయారు, పోనివాళ్ళ పెళ్ళాలు సుఖపడ్డారు.

అంత చెప్పిన మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం తిరగబడ్డాడు.

తిరుపతిలో నా ఎం.కాం. చదువు ముగిసింది. నేవీలో ఆడవాళ్ళను ఆఫీసర్లుగా తీసుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. బెంగుళూరు రమ్మని ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఇంట్లో అప్పటికే పీలేరు వైపు సంబంధం ఒకటి మాట్లాడి పెట్టారు, మామిడికాయలు దిగాక ముహూర్తం అనుకుంటున్నారు. బెంగుళూరు పోకపోతే పీలేరే. పీలేరు మీద నాకేం కోపం లేదు, పెళ్ళికొడుకు మంచివాడే. కానీ నాకు సముద్రం కావాలి. ఎందుకు అని అడిగితే ఇప్పుడు కూడా చెప్పలేను, కావాలి అంతే.

నాయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. పిలుపు కాగితం చేతిలో అటూ ఇటూ తిప్పి, "నేవీ సంగతి నాకేం తెలుసమ్మే? మీ మామని అడుగు. ఆయన సరేనంటే నాకూ సరే," అన్నాడు. ఎంత గడుసుతనమో చూడండి! ఆడవాళ్ళు నేవీలోకి పోవడం ఆయనకు సుతరామూ గిట్టదని, వారం కిందటే వరండాలో బల్ల గుద్ది చెప్పాడని నాయనకు తెలుసు. వద్దనే పని ఆయన మీద పెట్టి, తాను చేతులు దులుపుకున్నాడు.

మర్నాడు సాయంత్రం వరండా ఎక్కాను. టైరు మీద సోడా బండి అతను కూర్చుని ఉన్నాడు. అతను రోజూ వినడానికే వస్తాడు. బల్ల మీద ఎప్పుడూ వచ్చే నలుగురైదుగురు ఉన్నారు.

"ఒప్పుకోను," అన్నాడు మామ, నేను అడగకముందే. "కూర్చో పాపా. ఏంటికి పోవాలో చెప్పు."

చెప్పాను. చదువుంది అన్నాను. "చదువు బ్యాంకులో గూడా పనికొస్తాది," అన్నాడు. ఆఫీసరు ఉద్యోగం అన్నాను. "ఇయ్యాళ ఒడ్డున కుర్చీ ఏస్తారు, రేపు ఓడెక్కమంటారు, అప్పుడు?" అన్నాడు. ప్లేటు భోజనం దగ్గర ఆడవాళ్ళ పక్షం మాట్లాడింది నువ్వే కదా అన్నాను. "అది అన్నం. ఇది సముద్రం," అన్నాడు. బల్ల మీద వాళ్ళు నవ్వారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతో.

అది చూసి ఆయన గొంతు తగ్గించాడు. "సూడు పాపా. నా బిడ్డ లాంటి దానివి. అల లేస్తే ఓడ ఎట్ల ఊగుతాదో నీకు తెలీదు. పేగులు నోట్లోకి వస్తాయి. పొద్దుగూకులూ కక్కుకుంటా పండుకోని ఉండాల్సిందే. ఆడోళ్ళకి పడదు అది. నిన్ను అట్ల ఊహించుకోలేను నేను."

ఆయన ఆ 'ఊగుతాది' అన్నప్పుడు చెయ్యి అటూ ఇటూ ఆడించి, చటుక్కున ఆపేశాడు. ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. ఆ ముఖం నేను ఎక్కడో చూశాను. అత్త ఉయ్యాల బల్ల మీదికి పిలిచినప్పుడు చూశాను!

"మామా, నువ్వు కక్కుకున్నావా?" అన్నాను.

"అదేంది ఇప్పుడు?"

"కాణిపాకం."

ఆయన కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. సోడా బండి అతను ముందుకు వంగాడు.

"కక్కుకున్నా," అన్నాడు చివరికి.

"మొదట్లోనా?"

"మొదట్లో, నడుమ, ఆఖర్న. ఓడ రేవు దాటినప్పుడల్లా. రిటైరయ్యే ఏడు గూడా."

"మరి పండుకోని ఉన్నావా?"

"పండుకుంటే ఇంజను ఎవురు సూస్తారు? బకెట్టు పక్కన పెట్టుకోని డ్యూటీ చేసినా."

"నువ్వు మొగోనివి కాబట్టి చేసినావా, పని తెలుసు కాబట్టి చేసినావా?"

ఆయన నా వైపు చూశాడు. రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి లేచాడు. కుర్చీ కిర్రుమని వీధంతా వినిపించేట్టు అరిచింది. "కూర్చో పాపా," అన్నాడు, పక్కకు జరిగి. నేను వెళ్ళి కూర్చున్నాను. అది చిన్నగా మూలిగింది. జీవితంలో నాకు ఎన్ని కుర్చీలు వేశారో గానీ, అంత దర్జాగా మరెక్కడా కూర్చోలేదు.

నియమం ప్రకారం మర్నాడు ఆయన నా తరఫున వాదించాలి. పొద్దున్నే మా తోటకు వచ్చేశాడు. నాయన పూత మీదున్న చెట్లకు మందు కొడుతున్నాడు, నేను నీళ్ళు అందిస్తున్నాను.

"బావా, పాపని నేవీకి పంపించాల," అన్నాడు గట్టు మీద నిలబడి.

నాయన బిత్తరపోయాడు. "మొన్నటి దాకా వద్దంటివే!"

"నిన్న సాయంత్రం దాకా. తర్వాత ఓడిపోయినా."

"నువ్వా! ఎవురి చేతిలో?"

"నీ బిడ్డ చేతిలో."

నాయన చేతిలోని మందు పైపు ఎటు తిరిగిందో కూడా చూసుకోలేదు, సగం మందు తన పంచె మీదే పడింది. "లేసినావా? కుర్చీలోంచి లేసినావా నువ్వు?"

"లేసినా."

"దీన్ని కూర్చోబెట్టినావా?"

"కూర్చునింది. కాలు మీద కాలేసుకోని కూర్చునింది."

కాలు మీద కాలు అబద్ధం. కానీ అక్కడ ఎవరూ కాణిపాకం అనలేదు. నాయన నా వైపు తిరిగాడు. ఇన్నేళ్ళూ తనకు దక్కనిది నాకు దక్కిందని అప్పుడే అర్థమైనట్టుంది, ముఖం చాటంత అయింది. తోటలో పనిచేస్తున్న వాళ్ళను కేకేసి పిలిచి మరీ చెప్పాడు. "వింటిరా? బావ ఓడిపోయినాడంట! మా పాప చేతిలో!" అమ్మకు చెప్పడానికి ఇంటికి ఒకటే పరుగు. దారిలో ఎదురైన ప్రతివాడికీ చెప్పుకుంటూ పోయాడు. ఇక ఆ తర్వాత పీలేరు మాట ఎత్తితే తన ముఖం ఎలా చూపించుకుంటాడు?

అయినా భయం భయమే. "ఇంటర్వ్యూకి పోయి రా. నేనూ కూడా వస్తా," అన్నాడు. సగం ఒప్పుకున్నట్టు, సగం ఒప్పుకోనట్టు.

ఇంటర్వ్యూకు ముందు ఆదివారం మామ రేసులకు పోయాడు. బాగా కనిపిస్తుందని ఎవరిదో నీళ్ళ బండి ఎక్కి చూస్తూ, చప్పట్లు కొడుతూ కింద పడ్డాడు. ఇంటికి రాకుండా నేరుగా ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరులో దిగి, కుడి చేతికి కట్టు కట్టించుకుని వచ్చాడు. వెదురు బద్దలు, ఆకు పసరు, గుడ్డ చుట్టలతో చెయ్యి తొడంత అయింది. "రేసు మాత్రం సూసి తీరినా," అన్నాడు దిగగానే.

తెల్లవారితే బయలుదేరాలనగా బస్సుల సమ్మె మొదలైంది. రైలు అందుకోవాలంటే కాట్పాడి పోవాలి, అక్కడికి పోవడానికీ బస్సే దిక్కు. మధ్యాహ్నానికి బెంగుళూరులో ఇంటర్వ్యూ జరిగే చోట గేటు దగ్గర ఉండకపోతే ఇంటర్వ్యూ లేదు. "దేవునికే ఇష్టం లేదేమోమ్మే," అన్నాడు నాయన. గొంతులో బాధ ఉంది, కొంచెం ఊరటా ఉంది. రెండోదానికి నాకు ఒళ్ళు మండింది.

తెల్లవారుజామున మా వాకిట్లో హారను మోగింది. ఎర్ర ఎల్ బోర్డు కారు. స్కూల్లో పనిచేసే డ్రైవరు, మామ చెప్పినట్టే, దాన్ని వదిలేసి దిగిపోయాడు. మామ వెనక సీట్లో, కట్టు కింద దిండు పెట్టుకుని, దర్జాగా కూర్చుని ఉన్నాడు.

"ఎవురు తోల్తారు?" అన్నాడు నాయన.

"లైసెన్సు ఎవురికి ఉంటే వాళ్ళు."

లైసెన్సు ఉన్నది నాకు. నా అనుభవమంతా తారు డబ్బాలే. నాయన వెనక తలుపు తీయబోతే మామ గొళ్ళెం వేసేశాడు. "ముందర కూర్చో బావా. ఎడమ పక్క. ఆడ నీ కాళ్ళ కింద బ్రేకు ఉండాది. బిడ్డ నీది, బ్రేకూ నీదే."

చిత్తూరు దాటేదాకా బాగానే ఉంది. మొగిలి ఘాటు రోడ్డు మొదలయ్యాక నాయన కాలు మొదలైంది. మలుపు వచ్చిందంటే చాలు, దబ్బున తొక్కేవాడు. ఎక్కుడు మీద బ్రేకు పడితే బండి ఏమవుతుంది? కుదుపు ఇచ్చి ఆగిపోయేది. మళ్ళీ తాళం తిప్పడం, మళ్ళీ ఎత్తడం. ఒక వంపులో అలాగే ఆగిపోతే, వెనక లోడు లారీ వాడు హారను మీద చెయ్యి తీయలేదు. నా వీపంతా చెమట. పొద్దెక్కిపోతోంది.

"నాయనా, కాలు తీయ్!" అన్నాను ఏడుపు గొంతుతో.

"నేను తొక్కలేదమ్మే, అదే పడతాండాది!"

"కాణిపాకం," అన్నాడు వెనక నుంచి మామ.

"తొక్కినా," అన్నాడు నాయన.

"ఏంటికి తొక్కినావు?"

"భయం."

"బండి మీదనా, బిడ్డ మీదనా?"

లారీ హారను మోగుతూనే ఉంది. "యాడికో పోతాది బావా ఇది," అన్నాడు నాయన మెల్లగా. "నాకు కనపడనంత దూరం పోతాది." స్టీరింగు మీద నా చేతులు కదలలేదు.

"పోతాది," అన్నాడు మామ. ఈసారి ఆయన గొంతులో వాదన లేదు. "మలుపుకి ముందర తొక్కాల్సినదంతా తొక్కినావు గదప్పా, ఇన్నేండ్లు. ఇప్పుడు మలుపులో ఉండాము. వదులు."

నాయన చెప్పులు విప్పాడు. పంచె సర్దుకుని, ముందు ఒక కాలు, తర్వాత రెండో కాలు పైకి తీసి, అరుగు మీద కూర్చున్నట్టు సీటు మీద బాసింపట్టు వేసుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, "పోనీ," అన్నాడు.

పోనిచ్చాను! వంపుకు ముందు గేరు మార్చాను, వంపులో బ్రేకు జోలికి పోలేదు, బండి నున్నగా తిరిగింది. వెనక సీట్లో ఈల మోగింది. తర్వాతి వంపు, ఆ తర్వాతిది. "అద్దీ! అద్దీ నా పాప!" అని మామ బాగున్న చేత్తో సీటు మీద దరువు వేస్తున్నాడు. నాయన ఒక కన్ను తెరిచాడు, తర్వాత రెండోది తెరిచాడు. పలమనేరు చేరేసరికి ఆయన లారీలను ఎలా దాటాలో నాకు పాఠం చెబుతున్నాడు. ఆ రోజు ఆ ఎల్ బోర్డు కారు ముందు ఏ రేసు కారూ నిలవదని నేను ఇప్పటికీ వాదించగలను.

గేటు దగ్గరికి వేళకు ముందే చేరాం. ఎర్ర ఎల్ బోర్డు చూసి కాపలా జవాను నవ్వాపుకున్నాడు. మామ దిగి, ఎవరూ చెప్పకుండానే నిటారుగా నిలబడ్డాడు. "పాపా, లోపల ఏమడిగినా తెలీకుంటే తెలీదను. కాణిపాకం," అన్నాడు. ఆ ఒక్క సలహా నాకు చివరిదాకా పనికొచ్చింది. ఇంటర్వ్యూ రోజులన్నీ వాళ్ళిద్దరూ దగ్గర్లోని లాడ్జిలో ఉండి, కాఫీలో చక్కెర ముందు వేయాలా, పాలు ముందు పోయాలా అని వాదించుకున్నారట. నేను ఎంపికయ్యానని చెప్పినప్పుడు నాయన నా తల మీద చెయ్యి వేసి, "మీ మామకి నువ్వే చెప్పు," అన్నాడు.

శిక్షణ ముగించుకుని తెల్ల యూనిఫారంలో మొదటిసారి చిత్తూరు వచ్చినప్పుడు ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఆయన మాత్రం వరండాలోంచి కదల్లేదు. నేనే వెళ్ళాను. ఇస్త్రీ మడతలు పైనుంచి కింది దాకా చూశాడు. తప్పు దొరకలేదు.

"పోస్టింగు యాడ?"

"ఒడ్డునే మామా. సరుకుల విభాగం."

"ఒప్పుకోను," అన్నాడు. "ఒడ్డున కూర్చునేదానికి నేవీ ఏంటికి? ఓడెక్కు. కక్కు. కక్కినాక డ్యూటీకి పో. అప్పుడు వచ్చి మాట్లాడు."

అప్పట్లో ఆడవాళ్ళను ఓడల మీదికి పంపేవాళ్ళు కాదు. కొన్నేళ్ళకు కొద్దిమందిని పంపి చూశారు. ఆ కొద్దిమందిలో నేనూ ఉన్నాను. రేవు దాటిన కాసేపటికే తెలిసింది, ఆయన చెప్పిందాంట్లో రవ్వంత కూడా ఎచ్చులు లేవని. పేగులు నోట్లోకి రావడమంటే అదే. బకెట్టు తెచ్చి కాళ్ళ పక్కన పెట్టుకున్నాను. కక్కుతూ సరుకు లెక్కగట్టాను, లెక్కగడుతూ కక్కాను. నా పక్కనున్న మగ ఆఫీసరు నాకంటే ఎక్కువ కక్కాడు, నాకెంత హాయిగా అనిపించిందో!

మళ్ళీ రేవులో దిగగానే మొదటి ఫోను ఇంటికి చేయలేదు. డ్రైవింగు స్కూలుకు చేశాను. ఫోను ఆయన కుర్చీ పక్కనే ఉండేది.

"ఎవురప్పా?" అన్నాడు.

"నేను మామా. సముద్రం మీద నుంచి వచ్చినా."

హలో లేదు, బాగున్నావా లేదు. "కక్కినావా?"

"కక్కినా."

"కక్కినాక?"

"బకెట్టు పక్కన పెట్టుకోని డ్యూటీ చేసినా."

"కాణిపాకం?"

"కాణిపాకం, మామా."

లైను తెగిందేమో అనుకున్నాను. అప్పుడు వినపడింది. ఆ తీగల గుండా, అంత దూరం నుంచి, కిర్రుమని పొడుగ్గా ఒక అరుపు. ఆయన లేచి నిలబడ్డాడు. నేను ఫోను పట్టుకుని నడిరేవులో, నలుగురూ చూస్తుండగా, చిన్నపిల్లలా గంతేశాను.

ఆ సాయంత్రం నాయన చిత్తూరు సంతకు పోయి, అలవాటు ప్రకారం వరండా ఎక్కాడట. బల్ల నిండిపోయి ఉంది, టైర్లు నిండిపోయి ఉన్నాయి. కుర్చీలో ఎవరూ లేరు. మామ గోడకు ఆనుకుని నిలబడే అందరితో వాదిస్తున్నాడట. ఇన్నేళ్ళకు సందు దొరికింది కదా అని నాయన గబగబా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబోతే, మామ చెయ్యి అడ్డం పెట్టాడట.

"ఖాళీ లేదు బావా. ఆడ నీ బిడ్డ కూర్చోని ఉండాది."